ఈశాన్యంలో బరువు

ఎవరింటికి భోజనానికి వెళ్లినా నేను ముందు పైకప్పు చూస్తాను. మనుషుల్ని పలకరించడం ఆ తర్వాతే. "కాస్త కిందికి చూడండి, ఆవిడ నమస్కారం పెడుతోంది" అని మా ఆవిడ చెవిలో గొణుగుతుంది. మెల్‌బోర్న్ శివారు క్రాన్‌బర్న్‌లో మా తెలుగువాళ్లందరికీ ఇది అలవాటైపోయింది. పాపం పెద్దాయనకి రిటైరయ్యాక మెడ బిగుసుకుపోయింది అనుకునేవాళ్లు కూడా ఉన్నారు. మెడ బాగానే ఉంది. అది భయం. ఒక పబ్‌లో పట్టుకుంది, ఇంతవరకూ వదల్లేదు.

మెల్‌బోర్న్‌లో స్ట్రక్చరల్ ఇంజనీరుగా పనిచేసి ఈ మధ్యే రిటైరయ్యాను. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కనబడినప్పుడల్లా పెద్ద పెద్ద వంతెనల గురించి చెప్పమంటారు. వంతెనలు నన్ను ఎప్పుడూ భయపెట్టలేదు. వాటి లెక్కలు వాటికి ఉంటాయి, వాటిని ఎవరు కట్టారో, ఎవరు మార్చారో తెలుస్తుంది. పాత పబ్ అలా కాదు. అందులో ఎవరు ఎప్పుడు ఏ గోడ తీసేశారో ఆ గోడకే తెలియాలి. అందుకని ఆ పబ్ సంగతే చెబుతాను.

మెల్‌బోర్న్‌కి చాలా దూరంగా, గోధుమ పొలాల మధ్య ఒక చిన్న ఊరు. ఒక రైల్వే గేటు, నాలుగు కొట్లు, ఒక పబ్. దాన్ని తెనాలి వైపు నుంచి వచ్చిన ఒక జంట కొనుక్కున్నారు. ఆయన వంట చూసుకుంటాడు, లైసెన్సూ కౌంటరూ ఆవిడవి. ఇక్కడి పల్లెల్లో పబ్‌ని హోటల్ అంటారు కాబట్టి, అక్కడ వాళ్ల అమ్మగారికి హోటల్ కొన్నామని చెప్పారట. ఆవిడ సంతోషించి, ఇడ్లీ పిండికి గ్రైండరు పెద్దది తీసుకోమన్నారట. ఊళ్లోవాళ్లు మొదట్లో కొంచెం ఎడంగా ఉన్నా, శుక్రవారం బిర్యానీ మొదలెట్టాక దగ్గరయ్యారు. వంటింటికీ హాలుకీ మధ్య గోడలో పెద్ద కిటికీ పెట్టుకోవాలనుకున్నారు. భవనం హెరిటేజ్ లిస్టులో ఉంది, మేకు కొట్టాలన్నా ఇంజనీరు సంతకం కావాలి. అలా నాకు ఫోన్ వచ్చింది.

నాతో మా ఆఫీసు అమ్మాయి వచ్చింది. ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల, ఉద్యోగంలో చేరి ఎన్నాళ్లో కాలేదు. తెలుగు మొత్తం అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇస్తుంది. ఇక్కడి ఆఫీసు పద్ధతి ప్రకారం నన్ను పేరు పెట్టే పిలిచేది. నాకూ అలవాటైపోయింది, కాకపోతే మా ఆవిడ ముందు అలా పిలిచినప్పుడు ఆవిడ ముఖం చూడాలి.

కారు దిగగానే నేను చేసే మొదటి పని రోడ్డు అవతలికి వెళ్లి కప్పు మీద చిమ్నీలు లెక్కపెట్టడం. తర్వాత లోపలికి వెళ్లి ఫైర్‌ప్లేస్‌లు లెక్కపెడతాను. ఈ రెండు లెక్కలూ కలవాలి. ఆ రోజు కలవలేదు. కప్పు మీద రెండు చిమ్నీలు ఉన్నాయి, ఒకటి పడమటి చివర, ఇంకొకటి ఈశాన్యం మూల దగ్గర. కింద బార్‌లో ఫైర్‌ప్లేస్ ఉన్నది పడమటి గోడకే. ఈశాన్యం వైపు చిమ్నీ కింద ఏమీ లేదు. ఖాళీ నేల, దాని మీద ఒక చిన్న బల్ల, బల్ల మీద పూలు, ఒక ముసలావిడ ఫొటో.

ఎందుకు లేదో నాకు తెలుసు. ఇంగ్లండు నుంచి వచ్చిన ఎవరో ఆసామి తన ఊరి పబ్‌ని తలుచుకుంటూ కట్టించిన భవనం అది. ఎర్ర ఇటుక, వాలు కప్పు అంతా అక్కడి పద్ధతే, వరండా ఒక్కటే ఇక్కడి ఎండకు భయపడి పెట్టినది. ఇంగ్లీషు పబ్ అంటే ఒకే హాలు అనుకోకండి. కూలీలకి ముందు గది, పెద్దమనుషులకి తివాచీ పరిచిన పక్క గది, ఎవరి కంటా పడకూడదనుకునే ఆడవాళ్లకి తలుపు వేసుకునే చిన్న గది. కౌంటరు మధ్యలో ఉండి అన్ని గదుల్లోకీ తొంగి చూస్తుంది. పక్కపక్క గదుల ఫైర్‌ప్లేస్‌లు వీపూ వీపూ ఆనించుకుని ఉంటాయి. రెండింటి పొగా ఒకే ఇటుకల చిమ్నీలోంచి పై అంతస్తు మీదుగా కప్పు దాటి పోతుంది.

తర్వాత ఇక్కడ సాయంత్రం ఆరింటికల్లా పబ్‌లు మూసెయ్యాలని చట్టం పెట్టారు. పని దిగిన మగవాళ్లంతా ఒక్కసారి వచ్చిపడి, ఉన్న కాస్త సమయంలో తాగగలిగినంత తాగేవాళ్లు. అందరికీ చోటు చాలక చాలాచోట్ల గోడలు తీసేశారు, కడగడానికి వీలుగా మిగిలిన గోడలకి పలకలు అంటించారు. ఇక్కడా గోడతోపాటు కింది ఫైర్‌ప్లేస్‌లూ తీసేశారు. పైన చిమ్నీని మాత్రం ముట్టుకోలేదు. పై గదుల్లో చలి కాచుకోవాలి కదా. అంటే ఒక లారీకి సరిపడే ఇటుకలు ఆ ముసలావిడ ఫొటోకి సరిగ్గా పైన దేని మీదో ఆగి ఉన్నాయి. దేని మీద అన్నదే ప్రశ్న.

"ఇక్కడ ముందు ఏముండేది?" అని అడిగాను.

"సీసాల అలమర అంకుల్. ఇంత లావు కర్రలండి, నేల నించి పైదాకా ఉండేది" అన్నాడు తెనాలి ఆయన టీ ఇస్తూ. "వారం కిందటే తీయించేశాం. ఈశాన్యంలో బరువుండకూడదంట గదండి. మా బావగారు ఫోన్‌లో ప్లాన్ చూసి చెప్పారు, అందుకే వ్యాపారం అంతంతమాత్రంగా ఉందని."

నవ్వకండి. దక్షిణార్ధగోళంలో ఈశాన్యం ఎటు వస్తుందో అని మా వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ తెగని వాదన నడుస్తోంది. వాస్తు మాట విని మా ఇంట్లో నేనే పొయ్యి గట్టు ఒకసారి మార్పించాను.

"తేలిగ్గానే వచ్చిందా?" అన్నాను.

"ఎక్కడండీ, చచ్చామనుకోండి. పైన బిగుసుకుపోయి కదల్లేదు. చివరికి రంపం పెట్టి కోశాం. తెగేటప్పుడు ఫట్‌మని తుపాకీ పేలినట్టు చప్పుడొచ్చిందండి, నేను బెదిరి వెనక్కి దూకాను." అది చెప్పి ఆయన నవ్వాడు.

టీ కప్పు కౌంటరు మీద పెట్టేశాను. ఊరికే నిలబెట్టిన అలమర బిగుసుకుపోదు. కోస్తే పేలదు. నెత్తిన బరువున్న కర్ర మాత్రమే అలా పేలుతుంది.

అప్పుడే ఆయన భార్య వంటింట్లోంచి వచ్చి, "మీరు పైకి వెళ్తే ఆ మూల గది తలుపు కూడా చూడండంకుల్. వారం నించి పట్టేస్తంది. వానకి ఉబ్బిందేమో" అంది. ఆ ఊళ్లో వాన పడి ఎన్ని నెలలైందో బయట ఎండిన గడ్డి చూస్తే తెలుస్తుంది. అమ్మాయి నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూడలేదు, చూస్తే నా ముఖం తెలిసిపోతుందని.

పైకి వెళ్లాం. మూల గది తలుపుని భుజంతో నెట్టాల్సి వచ్చింది. లోపల చిమ్నీ గోడ పక్కన నేల కొంచెం వాలి ఉంది. నేలపలక ఒకటి పైకి లేపి టార్చి వేశాను. చిమ్నీ మొత్తం అడ్డంగా వేసిన ఒకే ఒక దూలం మీద కూర్చుని ఉంది. చక్కగా రంగు వేసిన దూలం. నా జేబులోంచి పెన్ను తీసి దాని మీద మెల్లగా ఒత్తాను. పెన్ను సగం దాకా దిగిపోయింది, ఏ చప్పుడూ లేదు. బయటికి తీస్తే దానికి బురద, రెండు తెల్ల చెదపురుగులు. దూలంలో చెక్క లేదు, రంగు మాత్రమే మిగిలింది. ఎన్నేళ్లుగానో చెద తింటుంటే దూలం కొద్దికొద్దిగా కుంగి, కింద ఉన్న అలమర మీద తల వాల్చింది. సీసాలు పెట్టుకోవడానికి చేసిన అలమర ఎవరూ చెప్పకుండానే చిమ్నీని మోసింది. దాన్ని మనవాళ్లు రంపంతో కోశారు.

"అంకుల్," అంది అమ్మాయి. "ఇట్స్ మూవింగ్."

నన్ను అంకుల్ అని పిలవడం అదే మొదటిసారి. ఆమె వేలు పెట్టి చూపించిన చోట ఇటుకల మధ్య నుంచి సన్నగా సున్నం రాలుతోంది. చూస్తుండగా ఆగింది. కింద నుంచి గట్టిగా నవ్వులూ అడుగుల చప్పుడూ వినపడ్డాయి, మళ్లీ రాలడం మొదలైంది.

అప్పటిదాకా కింద ఆ జంట తప్ప ఎవరూ లేరు. ఆ ఫొటోలో ముసలావిడ ఆ బార్‌లో కౌంటరు చూసిన మనిషి. ఆ వేళే ఆవిడ అంత్యక్రియలు. చర్చి నుంచి ఊరంతా ఇక్కడికి వస్తారని టీ ఇచ్చేటప్పుడు వాళ్లు చెప్పనే చెప్పారు. వచ్చేశారు. అమ్మాయిని ఎమర్జెన్సీ వాళ్లకి ఫోన్ చేసి, వెనక మెట్ల మీదుగా బయటికి వెళ్లిపొమ్మన్నాను. నేను ముందు మెట్లు దిగాను. ఒక్కో మెట్టు మీదా పాదం ఆనించడానికి కూడా భయమేసింది.

బార్ కిక్కిరిసి ఉంది. నల్ల కోట్లు, చేతుల్లో గ్లాసులు. ఎవరో పాట ఎత్తుకున్నారు, మిగతావాళ్లు బూట్లతో తాళం వేస్తున్నారు. ఆ ఖాళీ మూలలో, ఫొటో పక్కన, కుర్చీలో ఆ ముసలావిడ భర్త కూర్చుని ఉన్నాడు. బాగా పెద్దవాడు. ఆయన నల్ల కోటు భుజం మీద తెల్లటి దుమ్ము పడింది. ఆయన చూసుకోలేదు.

పరుగెత్తండి అని అరిస్తే పరుగెడతారు. అంతమంది ఒకేసారి పరుగెడితే పైన ఉన్నది ఆగదు. కౌంటరు చివర ఒక ఇత్తడి గంట వేలాడుతోంది. నేను జన్మలో తాగినవాణ్ణి కాదు, అయినా పబ్‌లో గంట కొడితే ఇక మూసేస్తున్నాం అని అర్థమని ఎక్కడో విన్నాను. అదే మర్యాదైన పద్ధతి అనిపించింది. తాడు పట్టుకుని గట్టిగా కొట్టాను.

పాట ఆగింది. ఒక్క క్షణం అందరూ నా వైపు చూశారు. తర్వాత పెద్దగా హర్షధ్వానాలు. వరండాలో ఉన్నవాళ్లూ, వెనక పెరట్లో ఉన్నవాళ్లూ, రోడ్డు మీద సిగరెట్లు కాలుస్తున్నవాళ్లూ తలుపులు తోసుకుని లోపలికి వచ్చేశారు. ఎవరో నా వీపు తట్టి, "మంచివాడివి మేట్" అన్నాడు. మూసే వేళ కాకుండా ఆ గంట ఎవరు కొడితే ఆ రౌండు వాళ్లదేనట. వచ్చినవాళ్లందరికీ వాళ్లే తాగించాలట. అది ఆ పబ్ ఆచారం. ఈశాన్యం మూల కూడా నిండిపోయింది. పైనుంచి ఏదో చిన్నగా గీరుకున్న చప్పుడైంది, దాన్ని విన్నది నేనొక్కణ్ణే.

నా జీవితంలో అంత భయం ఎప్పుడూ లేదు. మనుషుల్ని బయటికి పంపాలని వచ్చి ఊరంతటినీ చిమ్నీ కిందికి పిలిచాను.

గంట విని తెనాలి ఆవిడ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అంతమంది మధ్యలో నేను ఆవిడతో తెలుగులో చెప్పాను. మామూలు గొంతుతో, ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు చెప్పాలని ప్రయత్నించాను.

"అమ్మా, పైన చిమ్నీ కూలబోతోంది. వీళ్లంతా నెమ్మదిగా బయటికి వెళ్లాలి. పరుగెత్తకూడదు."

ఆవిడ పైకి చూడలేదు. అది నేను ఇప్పటికీ మరచిపోలేను. నాకు చేతకాని పని అది. నా ముఖంలోకి చూసి, "అట్టాగే అంకుల్" అంది. స్టూలు ఎక్కి గంటని కొక్కెం నుంచి తప్పించింది. దాన్ని చేత్తో పట్టుకుని కొడుతూ ముందు తలుపు వైపు నడిచింది. ఇక్కడివాళ్ల ఇంగ్లీషులో తాపీగా చెప్పింది, అంకుల్ రౌండు బయట, రోడ్డు అవతల, చెట్ల నీడలో, ఐసు పెట్టెలు అక్కడ ట్రక్కులో ఉన్నాయి అని. "ఆవిడకి ఈ గదిలో ఉక్క పడేది కాదు. మీకూ తెలుసు గదా. ఆవిడ పేరు మీద తాగేది ఆకాశం కింద తాగుదాం రండి."

జనం గంట వెనక నడిచారు. తోసుకోలేదు, తొందరపడలేదు. బీరు ఎటు వెళ్తే అటు వెళ్లే క్రమశిక్షణ ఈ దేశంలో బలమైనది. తెనాలి ఆయన వంటింట్లో పొయ్యి కట్టేసి వెనక తలుపు గుండా వెళ్లాడు. నేను ఫొటో దగ్గర పెద్దాయన్ని చెయ్యి పట్టుకుని లేపాను. ఆయన బరువంతా నా మీద వేసి మెల్లగా నడుస్తున్నాడు. తలుపు దాకా ఆ కొద్ది దూరం ఎప్పటికీ తరగదేమో అనిపించింది. నా వీపు మీద ఏదో పడుతుందని ప్రతి అడుగులోనూ ఎదురుచూశాను.

రోడ్డు దాటాక చుట్టూ చూశాను. అమ్మాయి లేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్లీ లోపలికి వెళ్దామని రోడ్డు మీద అడుగు పెట్టేసరికి పెరటి గేటులోంచి వచ్చింది. వెనక ఒకాయన, తువ్వాలు చుట్టుకుని, నిద్రకళ్లతో నడుస్తున్నాడు. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పై గదిలో పడుకున్న లారీ డ్రైవరట. ఆమె గదులన్నీ తలుపులు కొట్టి చూసి వచ్చింది. వెళ్లిపొమ్మంటే ఎందుకు వెళ్లలేదని కోప్పడ్డాను. "యూ వుడ్ హ్యావ్ చెక్డ్ టూ, అంకుల్" అంది.

తర్వాత ఏమీ జరగలేదు. అదే అన్నింటికన్నా కష్టం. అందరూ నీడలో నిలబడి సీసాలు అందుకుంటున్నారు. పబ్ ఎండలో చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. ఎమర్జెన్సీ వాళ్లు పెద్ద ఊరి నుంచి రావాలి, ఇంకా దారిలోనే ఉన్నారు. బిర్యానీ లోపలే ఉందని ఎవరో గుర్తు చేశారు. ఇప్పుడు అసలు కారణం చెప్పాం. కొందరు కప్పు వైపు చూసి, నా వైపు చూసి, నవ్వు ఆపుకున్నారు. నాకు కొత్త భయం పట్టుకుంది, నేను పొరబడ్డానేమో అని. పిల్లలూ, ఆ క్షణంలో అది కూలితే బాగుండునని ఒక్కసారి అనిపించింది. ఇంజనీరు బుద్ధి అలా కూడా పనిచేస్తుంది.

పెద్దాయన సీసా నేల మీద పెట్టి రోడ్డు దాటడం మొదలెట్టాడు. ఎక్కడికని అడ్డం వెళ్లాను.

"దాని ఫొటో లోపలే ఉండిపోయింది" అన్నాడు.

"ఇప్పుడు వెళ్లకూడదు సార్."

"నా పెళ్లాం ఆ కప్పు కిందే వయసంతా బీరు పోసింది. ఎప్పుడూ పడనిది ఇవాళ పడుతుందా?"

"అప్పుడు అలమర ఉంది" అన్నాను. ఆయన నన్ను పక్కకి నెట్టబోయాడు, వయసుకి మించిన బలం. నేను ఆయన ఛాతీ మీద చెయ్యి ఆనించి ఆపాను. భార్యని ఆ ఉదయమే పాతిపెట్టి వచ్చిన మనిషిని చేత్తో ఆపడం ఎంత చెడ్డగా ఉంటుందో చెప్పలేను.

ఆయన నా చెయ్యి తీసెయ్యబోతుండగా వెనక ఎవరో అబ్బా అన్నారు. తిరిగి చూశాను. కప్పు మీద ఈశాన్యం వైపు చిమ్నీ లిఫ్టు దిగినట్టు నిటారుగా కిందికి దిగిపోతోంది. ముందు కప్పులోకి మాయమైంది, తర్వాతే చప్పుడు వచ్చింది, కాళ్ల కింద నేల అదిరింది. ముందు తలుపులోంచి తెల్లటి దుమ్ము రోడ్డు దాకా వచ్చి మా బూట్ల మీద పడింది. చాలాసేపటికి చూసుకుంటే నా చెయ్యి ఇంకా ఆయన ఛాతీ మీదే ఉంది. దాని కింద ఆయన గుండె కొట్టుకుంటోంది.

తెనాలి ఆయన అక్కడే చతికిలబడి, "నా వల్లేనా అంకుల్?" అన్నాడు. గోడ తీసినవాళ్లు, చెద, కాలం, అందరూ కలిసి చేసిన పనికి చివరి చెయ్యి నీది పడింది, అంతే అని చెప్పాను. ఆ మాట ఆయనకి నిద్ర పట్టించలేదని తర్వాత ఆయన భార్య చెప్పింది.

కొత్తవాళ్లకి నేను చెప్పేదల్లా ఒకటే. పాత భవనంలో పనికిరానిది ఏదైనా కనబడితే, అది దేన్ని మోస్తోందో చూసేదాకా ముట్టుకోకండి. భయపడడానికి సిగ్గుపడకండి. నేను చదివిన చదువులో ఆ రోజు అక్కరకొచ్చింది కొంచెమే, మిగతా పని భయమే చేసింది.

మూల మళ్లీ కట్టించారు. ఈసారి చిమ్నీ కింద ఇనప స్తంభాలు వేశాం, వాటి చుట్టూ పాత అలమరనే అతికించి నిలబెట్టారు. ఈశాన్యంలోనే. బావగారు ఈసారి ఏమీ అనలేదట. తెరిచిన రోజున నన్నూ అమ్మాయినీ పిలిచారు. ఇటుకల కింద దొరికిన ఫొటోకి కొత్త అద్దం వేయించి అలమర మధ్య అరలో పెట్టారు. గంట దాని కొక్కేనికే వేలాడుతోంది.

ఆ పబ్ ఆచారం ఇప్పుడు మారిపోయింది. ఎవరైనా వేళకాని వేళ గంట కొడితే రౌండు వాళ్లదే, కానీ తాగేది లోపల కాదు. గంట మోగగానే అందరూ గ్లాసులు పట్టుకుని, నవ్వుకుంటూ, మెల్లగా రోడ్డు దాటి చెట్ల కిందికి వెళ్తారు. తెరిచిన రోజున కొట్టింది మా ఆఫీసు అమ్మాయే. నవ్వులాటకే అని తెలిసినా, అందరికంటే ముందు గడప దాటింది నేనే. బయట నిలబడి తిరిగి చూస్తే పెద్దాయన ఇంకా లోపలే ఉన్నాడు. అలమర అరలోంచి భార్య ఫొటో తీసి చంకలో పెట్టుకుంటున్నాడు. ఆ తర్వాతే గ్లాసు అందుకుని వచ్చాడు.